సున్నాలో ఇరవై శాతం

2020 రంజాన్ మాసం పాతబస్తీ జ్ఞాపకంలో చీకటి నెలగా మిగిలిపోయింది. ఏప్రిల్ చివరి వారంలో ఉపవాసాలు మొదలయ్యాయి. మే 25న పండుగ వచ్చింది. మామూలు ఏడాదిలోనైతే ఆ ముప్పై రాత్రులూ చార్మినార్ చుట్టూ నిద్ర అన్నది ఉండదు. లాడ్ బజార్ గాజుల దుకాణాల దీపాలు సహర్ వేళ దాకా వెలుగుతూనే ఉంటాయి. పత్తర్‌గట్టీలో బట్టల బేరాలు, మదీనా కూడలిలో హలీం బట్టీలు, గుల్జార్ హౌజ్ చుట్టూ తోపుడుబండ్లు. ఏడాది పొడవునా చేసి దాచిన సరుకు అమ్ముడయ్యేదీ, ఏడాది పొడవునా చేసిన అప్పులు తీరేదీ ఆ ఒక్క నెలలోనే. ఆ సంవత్సరం ఆ నెలంతా లాక్‌డౌన్‌లోనే గడిచింది.

సరిగ్గా ఆ నెల మధ్యలో, మే 12న, ప్రధానమంత్రి 20 లక్షల కోట్ల రూపాయల ప్యాకేజీని ప్రకటించారు. మర్నాడు ఆర్థికమంత్రి అందులోని ప్రధాన భాగాన్ని వివరించారు. చిన్న, మధ్యతరహా సంస్థలకు 3 లక్షల కోట్ల రూపాయల రుణాలు ఇస్తామన్నారు. తాకట్టు అక్కర్లేదు, ప్రభుత్వమే పూచీ ఉంటుంది. వినడానికి ఇంతకన్నా ఉదారమైన మాట ఏముంటుంది? అయితే ఒక షరతు ఉంది. 2020 ఫిబ్రవరి 29 నాటికి ఆ సంస్థకు బ్యాంకులో ఎంత అప్పు ఉందో, అందులో ఇరవై శాతం మేరకే కొత్త రుణం. అంటే 50 లక్షల అప్పు ఉన్నవారికి మరో 10 లక్షలు దొరుకుతాయి. బ్యాంకు అప్పే లేనివారికి? సున్నాలో ఇరవై శాతం సున్నాయే. లక్క గాజుల కార్ఖానా నడిపే చిన్న మనిషి లెక్క ఆ ఒక్క షరతుతోనే తేలిపోయింది.

ఇది లెక్కల్లో దొర్లిన పొరపాటు అనుకుంటే సరిపోదు. ఆ సున్నాకు ఒక చరిత్ర ఉంది, ఒక కులం ఉంది. మహమ్మారి కాలంలో యజమానులకూ కార్మికులకూ ప్రభుత్వాలు అందించిన సాయం చాలావరకు అప్పటికే ఉన్న కాగితాల వెంట ప్రవహించింది. భవిష్యనిధి ఖాతా, బ్యాంకు రుణం, రేషన్ కార్డు ఆ కాలువలు. ఆ కాలువలు ఎవరి పొలం దాకా తవ్వి ఉన్నాయో నీరు అక్కడికే పారింది. ఎవరి దాకా తవ్వలేదన్న ప్రశ్నకు జవాబు కులవ్యవస్థలో ఉంది. ఆ రోజులు గడిచి అయిదేళ్లు దాటినా ఈ సంగతి మాట్లాడుకోక తప్పదు. మరో ఆపద వస్తే సాయం మళ్లీ ఆ కాలువల వెంబడే పారుతుంది.

యజమాని ఎవరు, కార్మికుడు ఎవరు?

పాతబస్తీలో కార్ఖానా అంటే పొగగొట్టం ఉన్న ఫ్యాక్టరీ కాదు, ఒక ఇరుకు గది. మధ్యలో బొగ్గుల కుంపటి. లక్కను దాని మీద మెత్తబరిచి, సాగదీసి, వలయంగా చుట్టి, వేడి ఆరకముందే మెరిసే రాళ్లను ఒక్కొక్కటిగా అతుకుతారు. నలుగురైదుగురు పనివాళ్లు ఉంటారు. వారిలో బీహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లూ ఉంటారు. కార్ఖానా నడిపే మనిషి కూడా అదే కుంపటి ముందు కూర్చుంటాడు. బజారులోని దుకాణదారు దగ్గర ఆర్డరు, కొంత బయానా తీసుకుంటాడు. సరుకు ఇచ్చాక మిగతా డబ్బు వస్తే పనివాళ్లకు పంచుతాడు. రాళ్లు అతికే పనిలో కొంత ఇళ్లలోని ఆడవాళ్ల దగ్గరికి వెళుతుంది. వాళ్లకు డజను లెక్కన కూలి. జర్దోజీ చట్రం ముందు వంగి కూర్చునేవాళ్ల కథా ఇదే, తోలు మడతల మధ్య వెండిని వరఖ్‌గా సాగగొట్టేవాళ్ల కథా ఇదే.

ఈ గొలుసులో ఎక్కడా నియామక పత్రం ఉండదు. జీతం చీటీ ఉండదు. హాజరు పట్టీ ఉండదు. ఉన్నదల్లా నోటిమాట, ఒక చిన్న లెక్కల పుస్తకం. దుకాణదారు దృష్టిలో కార్ఖానాదారు కార్మికుడు. కుంపటి ముందున్న కుర్రాడి దృష్టిలో అతడే యజమాని. ప్రభుత్వ దృష్టిలో మాత్రం అతడు రెండూ కాదు. యజమానిగా నమోదు కాలేదు కనుక యజమానులకిచ్చే సాయం రాదు. ఏ సంస్థ పట్టీలోనూ పేరు లేదు కనుక కార్మికులకిచ్చే సాయమూ రాదు.

2020 మార్చి 29న కేంద్ర హోంశాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. పరిశ్రమ అయినా, దుకాణమైనా, యజమానులందరూ లాక్‌డౌన్ కాలానికి కార్మికులకు కోత లేకుండా వేతనం చెల్లించాలని ఆదేశించింది. ఉద్దేశం మంచిదే. కానీ ఆ వేతనానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఉత్తర్వు చెప్పలేదు. వేలమందితో నడిచే కర్మాగారానికీ, నలుగురితో నడిచే కార్ఖానాకూ ఒకే ఆజ్ఞ. ప్రభుత్వం తాను మోయవలసిన బరువును చట్టం పేరుతో యజమాని నెత్తిన పెట్టింది. మే 18 నుంచి ఆ ఉత్తర్వును ఉపసంహరించింది. జూన్ 12న సుప్రీంకోర్టు, వేతనం చెల్లించని యజమానులపై బలవంతపు చర్యలు వద్దని, ఇరుపక్షాలూ చర్చించుకుని పరిష్కరించుకోవాలని సూచించింది. సంఘం, న్యాయవాది, కార్మికశాఖ అండ ఉన్నచోట చర్చలు సాధ్యం. కుంపటి ఆరిపోయిన గదిలో ఇద్దరు పేదవాళ్లు ఒకరితో ఒకరు ఏం చర్చించుకుంటారు? ఒకరి దగ్గర ఇవ్వడానికి లేదు, మరొకరి దగ్గర తినడానికి లేదు. ఆదుకోవలసిన మూడోపక్షం ఆ గదిలోకి రానేలేదు.

ఇరవై మంది గీత

మార్చి 26న ప్రకటించిన ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ పథకంలో యజమానులకూ కార్మికులకూ నేరుగా సంబంధించిన అంశం భవిష్యనిధి. నూరుమంది లోపు ఉద్యోగులుండి, వారిలో 90 శాతం మంది 15,000 రూపాయల లోపు వేతనం పొందే సంస్థలకు కార్మికుడి వాటా 12 శాతం, యజమాని వాటా 12 శాతం, మొత్తం 24 శాతాన్ని ప్రభుత్వమే జమ చేస్తుందన్నారు. మొదట మూడు నెలలకు ప్రకటించి, తర్వాత ఆగస్టు దాకా పొడిగించారు. 'నూరుమంది లోపు' అన్నమాట వింటే ఇది చిన్నవారి కోసమేనని అనిపిస్తుంది. అయితే 1952 నాటి భవిష్యనిధి చట్టం ఇరవై మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకే తప్పనిసరి. అంటే ప్రభుత్వం 'చిన్న' అని పిలిచింది ఆచరణలో ఇరవైకీ నూరుకూ మధ్య ఉన్నవారిని. అయిదుగురితో నడిచే కార్ఖానా ఆ కొలబద్దకు అందనంత చిన్నది.

రిజర్వు బ్యాంకు ప్రకటించిన రుణ వాయిదాల విరామానిదీ ఇదే తీరు. 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా కిస్తీలు కట్టకపోయినా బ్యాంకులు, ఆర్థిక సంస్థలు ఒత్తిడి చేయవు. గల్లీలోని వడ్డీవ్యాపారికి మాత్రం రిజర్వు బ్యాంకు ఉత్తర్వులు వర్తించవు. బ్యాంకులో అప్పు పుట్టని మనిషే అతడి దగ్గరికి వెళతాడు. కాబట్టి ఎక్కువ వడ్డీకి అప్పు తెచ్చుకున్న మనిషికే విరామం లేకపోయింది.

సర్కారు పూచీ ఉన్న రుణాల్లో మరో లోపం ఉంది. ఆ రుణం తీసుకున్నవారు పనివాళ్లను నిలుపుకోవాలని గానీ, పని చేయించుకున్న చేతివృత్తులవారి బకాయిలు తీర్చాలని గానీ షరతు పెట్టలేదు. రుణం దుకాణం దాకా వచ్చినచోట కూడా అక్కడే ఆగిపోయింది. దుకాణం వెనక గల్లీలోని కార్ఖానాకు, కార్ఖానా వెనక ఇంట్లో రాళ్లు అతికే స్త్రీకి చేరే దారి ఆ పథకంలోనే లేదు.

ఇక్కడే కులం ప్రశ్న వస్తుంది. జీతం పట్టీలో పేరుండటం, బ్యాంకులో రుణ ఖాతా ఉండటం ఈ దేశంలో కేవలం ఆర్థిక విషయాలు కావు. బ్యాంకు తాకట్టు అడుగుతుంది. తాకట్టుకు భూమి కావాలి, ఇంటి పత్రం కావాలి. భూమి ఏ కులాల చేతుల్లో ఉందో తెలుగు పాఠకులకు వివరించనక్కరలేదు. జీతం పట్టీకి చదువు కావాలి, పరిచయం కావాలి. ప్రభుత్వ కొలువుల్లో రిజర్వేషన్ల వల్ల దళితులు, ఆదివాసులు, వెనుకబడిన కులాలు కొంతమేరకు ఆ పట్టీల్లోకి ఎక్కాయి. అవుట్‌సోర్సింగ్ వచ్చి ఆ తలుపునూ సగం మూసింది. ముస్లింలలోని వృత్తికులాలకైతే ఉమ్మడి రాష్ట్రంలో 4 శాతం రిజర్వేషన్ చట్టం 2007లో గానీ రాలేదు. తండ్రి నుంచి కొడుక్కి కుంపటి, కత్తెర, ఇస్త్రీపెట్టె దక్కే కుటుంబాల్లో ఉద్యోగమనే మాటే కొత్తది. దాన్ని ప్రభుత్వం 'స్వయం ఉపాధి' అని గౌరవంగా పిలుస్తుంది. ఆపద వచ్చినప్పుడు ఆ గౌరవానికి అర్థం 'మీ సంగతి మీరే చూసుకోండి' అని.

పాతబస్తీ అనగానే మతం ఒక్కటే కనిపించడం మనకు అలవాటైపోయింది. కులం కనబడదు. 2007 చట్టంలోని జాబితా తిరగేస్తే కనబడుతుంది. క్షౌరవృత్తి చేసే హజాములు, బట్టలుతికే ముస్లిం రజకులు, మాంసం వృత్తి చేసే ఖురేషీలు, అత్తరు సాయిబులు, ఫకీర్లు, సిద్దీలు అందులో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్, అరబ్ వంటి వర్గాలను ఆ చట్టం మినహాయించింది. దూదేకులవారు అంతకుముందు నుంచే బీసీ-బీలో, ముస్లిం మెహతర్లు బీసీ-ఏలో ఉన్నారు. 2025 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం వెల్లడించిన కులసర్వే ప్రకారం రాష్ట్ర జనాభాలో ముస్లింలు 12.56 శాతం. వారిలో బీసీ ముస్లింలే రాష్ట్ర జనాభాలో 10.08 శాతం. అంటే రాష్ట్రంలోని ప్రతి అయిదుగురు ముస్లింలలో నలుగురు వెనుకబడిన తరగతులవారే. ఈ అంకెను బీసీల లెక్కలోంచి తీసేయాలని రాజకీయంగా వాదించేవారు ఒక చిన్న ప్రశ్నకు జవాబు చెప్పాలి. లాక్‌డౌన్‌లో మూతపడిన హజాం దుకాణానికీ, నాయీబ్రాహ్మణ దుకాణానికీ తేడా ఏమిటి?

పెళ్లిళ్లనే చూడండి. 2020లో అతిథులు యాభై మందికి మించరాదన్నారు. 2021 మేలో తెలంగాణలో నలభై మందికి కుదించారు. పాతబస్తీ పెళ్లిళ్లలో మార్ఫా వాయించే సిద్దీల చేతులు ఆగిపోయాయి. 2020లో లాల్‌దర్వాజ బోనాలు ఊరేగింపు లేకుండా ఇళ్లకే పరిమితమయ్యాయి. డప్పు కొట్టే మాదిగ బిడ్డల చేతులూ ఆగిపోయాయి. మార్ఫాకూ డప్పుకూ మతం వేరు కావచ్చు. ఆ రెండింటినీ వాయించేవాళ్లకు జీతం పట్టీ లేకపోవడం ఒక్కటే. ఏ ప్యాకేజీలోనూ వీరు యజమానులు కారు, కార్మికులూ కారు.

బియ్యం కార్డు, కంప్యూటర్ కత్తెర

తెలంగాణ ప్రభుత్వం చేసినదాన్ని తక్కువ చేయనక్కర్లేదు. ఆహారభద్రత కార్డున్న కుటుంబాల్లో మనిషికి 12 కిలోల బియ్యం ఉచితంగా ఇచ్చింది. కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన వలస కార్మికులకు మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది. కేంద్రం అదనంగా ఇస్తామన్న 5 కిలోలతో పోలిస్తే ఇది మెరుగైన ఆలోచన. చాలా ఇళ్లలో పొయ్యి వెలిగింది ఆ బియ్యం వల్లనే.

అయితే ఇక్కడా కాలువ కార్డే. 2016లో రాష్ట్రంలో సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. ఇంటింటికీ వెళ్లి విచారించకుండా, కంప్యూటర్ లెక్కల ఆధారంగా ఏరివేశారు. నగరానికి చెందిన ఒక సామాజిక కార్యకర్త వేసిన వ్యాజ్యంలో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, రద్దైన కార్డులన్నిటిపై క్షేత్రస్థాయిలో మళ్లీ విచారణ జరపాలని ఆదేశించింది. తీర్పు న్యాయమైనదే. కానీ తేదీ చూడండి. మొదటి లాక్‌డౌన్ గడిచి రెండేళ్లయింది. రద్దైన కార్డుల్లో అర్హులవి ఎన్నో, ఆ ఇళ్లు ఆ రెండేళ్లలో మహమ్మారిని ఏ బియ్యంతో దాటాయో అప్పటికి ఎవరూ లెక్కగట్టలేదు. పైగా కొత్త కార్డుల జారీ ఏళ్ల తరబడి నిలిచిపోయి, 2021 జూలైలో గానీ మళ్లీ మొదలు కాలేదు. పెళ్లయి వేరుపడ్డ జంటలు, భర్త పోయి పుట్టింటికి చేరిన ఆడవాళ్లు, అద్దె ఇల్లు మారిన కుటుంబాలు కార్డుకు దూరంగానే ఉండిపోయాయి. ఇంట్లో కూర్చుని గాజులకు రాళ్లు అతికేది చాలావరకు ఇలాంటి ఆడవాళ్లే.

పారిశుద్ధ్య కార్మికుల సంగతి ఇంకో విధమైనది. ఇక్కడ పని ఆగలేదు, ఆగే వీల్లేదన్నారు. ఊరంతా తలుపులు మూసుకుంటే దళిత స్త్రీలు తెల్లవారుజామునే చీపుర్లు పట్టుకుని చార్మినార్ రోడ్ల మీదికి వచ్చారు. 2020 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం హైదరాబాద్ నగరపాలక సంస్థ, జలమండలి పారిశుద్ధ్య సిబ్బందికి 7,500 రూపాయలు, ఇతర మున్సిపాలిటీలు, పంచాయతీల సిబ్బందికి 5,000 రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది. చప్పట్లు కొట్టారు, పాదాలు కడిగారు, పూలు చల్లారు. కొలువును మాత్రం పర్మినెంట్ చేయలేదు. సామాన్య కాలంలో అంటరానిదైన పని, ఆపత్కాలంలో 'అత్యవసర సేవ' అయింది. ఆపద గడిచాక మళ్లీ అవుట్‌సోర్సింగ్ పనిగా మారింది. ఇక్కడ యజమాని వేరెవరో కాదు, రాజ్యమే. తన పట్టీలోకి తానే ఎక్కించుకోని రాజ్యం కార్ఖానాదారును పట్టీ ఏదని అడుగుతోంది.

చేరాలనుకున్నచోటికి చేరింది

పేరు లేనివారికి సాయం అందించడం సాధ్యం కాదని అధికారులు చెబుతుంటారు. ఆ రెండేళ్ల అనుభవమే దాన్ని కాదంటోంది.

2020 జూన్ 1న మొదలైన పీఎం స్వనిధి పథకం వీధివ్యాపారులకు 10,000 రూపాయల రుణం ఇచ్చింది. దుకాణం లేని మనిషిని కూడా వ్యాపారిగా గుర్తించవచ్చని అది నిరూపించింది. అది సాయం కాదు, అప్పే. అయినా గుర్తింపు దొరికింది. 2020 అక్టోబరులో వరదలొచ్చి పాతబస్తీలో అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబా నగర్ వంటి ప్రాంతాలు మునిగినప్పుడు, రాష్ట్ర ప్రభుత్వం ఇంటికి 10,000 రూపాయలు నగదుగా పంచింది. అవకతవకల ఆరోపణలు వచ్చాయి. నగరపాలక ఎన్నికల వేళ నవంబరులో పంపిణీ ఆగింది. కానీ ఒక సత్యం తేలింది. తలచుకుంటే సర్కారు గల్లీలోకి రాగలదు, పేరు రాసుకోగలదు, చేతికి డబ్బు ఇవ్వగలదు.

2021 ఏప్రిల్‌లో ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చారు. ప్రైవేటు యజమాని దగ్గర పనిచేసేవారికి ప్రభుత్వమే నేరుగా సాయం అందించిన ఉదాహరణ ఇది. అదే ఏప్రిల్ నుంచి క్షౌరశాలలకు, లాండ్రీలకు, ధోబీఘాట్లకు నెలకు 250 యూనిట్ల ఉచిత విద్యుత్ మొదలైంది. జీతం పట్టీ అడగలేదు, బ్యాంకు ఖాతాలో అప్పు అడగలేదు. కరెంటు మీటరు చూశారు, అంతే. కులవృత్తి జరిగే చిన్న చోటును ఒక సంస్థగా గుర్తించడమెలాగో ఆ మీటరు చూపించింది.

అదే ఏడాది ఆగస్టులో దళితబంధు ప్రారంభమైంది. కుటుంబానికి 10 లక్షలు, బ్యాంకు రుణంతో ముడి లేకుండా. దాని అమలుపై వచ్చిన విమర్శలు చాలా ఉన్నాయి. హుజూరాబాద్ ఉపఎన్నికతో దానికున్న సంబంధం అందరికీ తెలిసిందే. అయినా దాని రూపకల్పనలో ఒక ఒప్పుకోలు ఉంది. బ్యాంకు మీదుగా వెళ్లే సాయం దళితుడి దాకా చేరదని ప్రభుత్వమే అంగీకరించింది. 2020లో కోట్లమంది బతుకులు ఆగిపోయినప్పుడు ఈ ఒప్పుకోలు ఎందుకు గుర్తుకు రాలేదన్నదే ప్రశ్న. 2023లో బీసీ వృత్తికులాలకు, మైనారిటీలకు లక్ష రూపాయల సాయం ప్రకటించేసరికి లాక్‌డౌన్ గడిచి మూడేళ్లయింది, శాసనసభ ఎన్నికలకు కొన్ని నెలలే ఉన్నాయి. ఆకలి వేళ రాని అన్నం ఓట్ల వేళ వచ్చింది.

ఈ సమస్య మన ఒక్కరిదే కాదు. అమెరికాలో 2020లో చిన్న సంస్థలు తమ సిబ్బందిని నిలుపుకుంటే మాఫీ అయ్యే రుణాలిచ్చారు. మొదటి విడత 349 బిలియన్ డాలర్లు రెండు వారాల లోపే అయిపోయాయి. పంపిణీ బ్యాంకుల ద్వారా జరిగింది కనుక బ్యాంకులతో పాత సంబంధాలున్నవారు ముందు వరుసలో నిలబడ్డారు. నల్లజాతి యజమానుల చిన్న వ్యాపారాలు వెనకబడ్డాయి. అక్కడ జాతి చేసిన పనిని ఇక్కడ కులం చేసింది. అయితే అక్కడ ఆ తప్పును గుర్తించి, 2021 ఫిబ్రవరిలో ఇరవై మంది లోపు సిబ్బంది ఉన్న సంస్థలకు మాత్రమే రెండు వారాల గడువు కేటాయించారు. అక్కడ ఇరవై మంది లోపువారికోసం ప్రత్యేకంగా తలుపు తీశారు. ఇక్కడ ఇరవై మంది లోపువారికే తలుపు మూశారు.

పన్ను కట్టనివారికి, నమోదు చేసుకోనివారికి సాయం ఎందుకన్న వాదన కూడా వినబడుతుంది. సబ్బుబిళ్ల నుంచి సెల్‌ఫోన్ రీచార్జి దాకా ప్రతి కొనుగోలులో వాళ్లు పన్ను కడుతూనే ఉన్నారు. నమోదు విషయానికొస్తే, ఇంట్లో కూర్చుని పనిచేసేవారిని, స్వయం ఉపాధి పొందేవారిని అసంఘటిత కార్మికులుగా గుర్తిస్తూ పార్లమెంటు 2008లోనే చట్టం చేసింది. ఆ చట్టాన్ని నమ్ముకుని జాబితా తయారుచేసి ఉంటే 2020లో ఎవరికి డబ్బు పంపాలో వెతుక్కునే పని ఉండేది కాదు. ఈ-శ్రమ్ పోర్టల్ 2021 ఆగస్టులో గానీ మొదలు కాలేదు. పదమూడేళ్లు నమోదు చేయని ప్రభుత్వం, నమోదు కాలేదన్న కారణంతో సాయం నిరాకరించడం ఏ న్యాయం?

మళ్లీ అదే గీత

ఆ అనుభవం నుంచి చట్టం ఏమైనా నేర్చుకుందా? సామాజిక భద్రతా స్మృతిని పార్లమెంటు 2020 సెప్టెంబరులో, మహమ్మారి నడుస్తుండగానే ఆమోదించింది. 2025 నవంబరు 21 నుంచి అది అమల్లోకి వచ్చింది. భవిష్యనిధికి ఇరవై మంది, ఈఎస్‌ఐకి పదిమంది అన్న పాత గీతలు ఆ కొత్త స్మృతిలోనూ అలాగే ఉన్నాయి. ఈఎస్‌ఐకి పునాది పడిన కాలంలో, 1942 నుంచి 1946 దాకా, కార్మిక శాఖను చూసినవాడు అంబేడ్కర్. ఫ్యాక్టరీ కార్మికుడితో మొదలైన ఆ భద్రత అక్కడే ఆగిపోవాలని ఆయన వారసత్వాన్ని నమ్మేవారెవరూ అనుకోరు. మొదటి మెట్టునే చివరి మెట్టుగా మార్చింది తర్వాతి ప్రభుత్వాలు.

2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులను గుర్తించింది. అందులో క్షురకులు, రజకులు, దర్జీలు ఉన్నారు. గాజుల తయారీ లేదు. ఉన్న వృత్తులకైనా ప్రధానంగా దొరికేది శిక్షణ, పనిముట్లు, తక్కువ వడ్డీ అప్పు. పని ఆగిపోయిన రోజున ఇంటికి వచ్చే భత్యం అందులో లేదు.

కనుక చేయవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. తెలంగాణ కులసర్వేలో ప్రతి ఇంటి వృత్తి, ఉపాధి వివరాలు అడిగారు. ఆ వివరాలను రిజర్వేషన్ శాతాల చర్చకే పరిమితం చేయకుండా, వార్డువారీగా కార్ఖానాల, ఇంటిపని కార్మికుల జాబితా తయారుచేయడానికి వాడాలి. అందులో యజమాని, కార్మికుడు అన్న రెండు గడులతో పాటు, రెండూ తానే అయిన మనిషికి మూడో గడి ఉండాలి. ఇంట్లో పనిచేసే స్త్రీ పేరు భర్త పేరు కింద కాకుండా సొంతంగా నమోదు కావాలి. కంప్యూటర్ ఏరివేసిన పేరు మనిషి వెళ్లి చూడకుండా రద్దు కాకూడదు. ఆపద ప్రకటించిన రోజునే ఆ జాబితాలోని ప్రతి కార్ఖానాకు పనివాళ్ల సంఖ్యను బట్టి వేతన సాయం గ్రాంటుగా చేరాలి, అప్పుగా కాదు. పెద్ద దుకాణానికి ప్రభుత్వ పూచీతో రుణమిస్తే, కింద పనిచేసిన చేతుల బకాయి తీర్చాలన్న షరతు అందులో ఉండాలి. రజకుడికీ ముస్లిం రజకుడికీ, నాయీబ్రాహ్మణుడికీ హజాముకూ, డప్పుకూ మార్ఫాకూ ఒకే కొలత ఉండాలి.

ఇవేవీ దయాధర్మాలు కావు. నిరుద్యోగంలో, జబ్బులో ప్రభుత్వ సహాయం పొందే హక్కు గురించి రాజ్యాంగం 41వ అధికరణంలో ఆదేశ సూత్రంగానే చెప్పింది. జీతం పట్టీ ఉన్నవారికేనని అందులో రాయలేదు. విద్యార్థి ఉద్యమాలు, బహుజన సంఘాలు రిజర్వేషన్ శాతం కోసం ఎంత గట్టిగా పోరాడుతున్నాయో, ఈ ఇరవై మంది గీతను చెరిపేయడానికీ అంత గట్టిగా పోరాడాలి. కొలువులో వాటా ఒక హక్కయితే, కొలువే లేని వృత్తికి రక్షణ మరో హక్కు. మొదటిది దొరికేదాకా రెండోదాన్ని వాయిదా వేస్తే వృత్తికులాలు రెండింటికీ దూరమవుతాయి.

2021లో కథ మళ్లీ జరిగింది. రంజాన్ మొదలైన వారానికే, ఏప్రిల్ 20న, రాత్రి కర్ఫ్యూ వచ్చింది. పండుగ ఇక రెండు రోజులుందనగా, మే 12న, లాక్‌డౌన్ వచ్చింది. వరసగా రెండేళ్లు లాడ్ బజార్ రాత్రులు ఆరిపోయాయి. ఆ తర్వాత బజారు తేరుకుంది. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇకమీద ఆ పేరును మరొకరు వాడుకోవడానికి వీల్లేదు. గాజు పేరుకు చట్టం కాపలా కాస్తోంది. ఆ గాజు చేసే కుంపటి ముందు కూర్చున్న మనుషుల్లో ఎక్కువమంది పేర్లు మాత్రం ఈనాటికీ ఏ పట్టీలోనూ లేవు. మరో ఆపద వచ్చి, మరో ప్యాకేజీ ప్రకటించి, మళ్లీ ఇరవై శాతం లెక్క కడితే వాళ్లకు వచ్చేది మళ్లీ ఆ సున్నాయే.